కూర్మయ్య మాస్టారు గీసిన చారలు

కూర్మయ్య మాస్టారు ఎవరినైనా మెచ్చుకోగా నేను వినలేదు. పాతపట్నంలో మా స్కూల్లో ఆయన డ్రాయింగు మాస్టారు, నేను గుమాస్తాని. పదకొండేళ్ళు పక్కపక్క గదుల్లో పనిచేశాం. హెడ్మాస్టరు గారి ఇంగ్లీషు, తెలుగు పంతులు గారి పద్యాలు, నా చేతిరాత, గోడల మీద ఎన్నికలవాళ్ళు వేయించిన బొమ్మలు, ఏదీ ఆయన కంటికి ఆనేది కాదు. పెదవి ఒక పక్కకి లాగి, "ఊఁ, ఉన్నాది" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు. ఆ ఒక్క మాటతో ఎదుటి మనిషి నిలువునా తుడుచుకుపోయేవాడు.

ఆయనది టెక్కలి దగ్గర పల్లె. వరీ చోళ్ళూ పండించుకునే ఇల్లు. డ్రాయింగు హయ్యరు గ్రేడు పాసై, పొలం తమ్ముడికి ఒదిలి ఉద్యోగంలోకి వచ్చాడు. డ్రాయింగుకి క్లాసుకి వారానికి ఒక్క పీరియడు, అందులో సగం లెక్కల మాస్టారు లాక్కునేవాడు. మిగిలిన సగంలో పిల్లలు గీసేది మామిడికాయ, లేకపోతే మట్టి కూజా. నలభై నాలుగేళ్ళు వచ్చేసరికి ఆయన బోర్డు మీద గీసినవి కొన్ని వేల మామిడికాయలై ఉంటాయి. చెయ్యి మాత్రం చాలా మంచిది. కన్ను అంతకంటే మంచిది. ఆ రెండింటినీ వాడుకునే పని దొరక్క ఆయన ఊరందరినీ చీదరించుకుంటూ బతికాడని నాకు ఇప్పుడు తోస్తుంది. అప్పట్లో మాత్రం ఒట్టి పొగరనుకునేవాణ్ణి.

పంతొమ్మిదివందల అరవై ఏడు వానాకాలంలో గణపతిరావు గారు ఆయన జీవితంలోకి వచ్చారు.

గణపతిరావు గారు మా స్కూలు కమిటీ ప్రెసిడెంటు నరసింగరావు గారికి అల్లుడు. నరసింగరావు గారికి ఊరి చివర రైసు మిల్లుంది. అల్లుడు ఎక్కడో దూరపు పట్నంలో ఒక కాలేజీలో బోటనీ లెక్చరరు. మద్రాసులో ఎవరో ఆయనకి ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారట. జేబులో పట్టేంత పుస్తకం, ఇంగ్లండు అడవుల్లో మొలిచే పుట్టగొడుగుల్ని గుర్తుపట్టడానికి రాసింది, నిండా రంగుల బొమ్మలు. అది చేతికి రాగానే తాను పరిశోధకుణ్ణయ్యానని ఆయన అనుకున్నారు. మన కొండల్లోని పుట్టగొడుగుల మీద పెద్ద వ్యాసం రాస్తానని, ప్రతి శనివారం రైలు దిగేవారు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తలమీద టోపీ, మెడలో దారానికి కట్టిన భూతద్దం. కొండకి పోయేవాడికి కావలసినవన్నీ ఆయన దగ్గర ఉన్నాయి, వంగే నడుం తప్ప.

వ్యాసానికి బొమ్మలు కావాలి. నరసింగరావు గారు కూర్మయ్య మాస్టారిని మిల్లుకి పిలిపించారు.

"మాస్టారూ, మా అల్లుడుగారు పుట్టకొక్కుల మీద పరిశోధన సేస్తన్నారు. ఆయన సూపించిందల్లా నువ్వు బొమ్మెయ్యాల."

"అలాగేనండి" అన్నాడు మాస్టారు. తిరిగి స్కూలుకి వచ్చి నా బల్ల ముందు నిలబడి, "సంతలో ముసిల్ది తట్టలో పెట్టి అమ్ముకునేదానికి పరిశోధనేటండి గుమాస్తాగారూ" అన్నాడు. పెదవి పక్కకి లాగనే లాగాడు.

మొదటి శనివారం లెక్చరరు గారూ మాస్టారూ ఏరు దాటి కొండవాలుకి వెళ్ళారు. దీన్ని 'ఫోరే' అనాలని గణపతిరావు గారు దారిలో చెప్పారట. అంటే నలుగురూ కలిసి అడవిలో తిరిగి, దొరికినవి ఏరి, పుస్తకంతో సరిచూసి పేరు తేల్చడం. ఒక పాత చెదపుట్ట పక్కన తెల్లగా, మొన తేలిన గొడుగులు గుంపుగా మొలిచి ఉన్నాయి. గణపతిరావు గారు ఒకదాన్ని కాడ పట్టుకుని లాగారు. కాడ సగానికి తెగింది. ఆ తెగిన ముక్కని పుస్తకంలో బొమ్మల పక్కన పెట్టి పేజీలు తిప్పుకుంటూ పోయి, ఒకచోట ఆగి, "ఇదే" అన్నారు. ఒక ఇంగ్లీషు పేరు చదివి నోటుబుక్కులో రాసుకున్నారు. ఈ పని మొత్తానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మాస్టారు బొమ్మ చూశాడు. పుస్తకంలో దానికి అడుగున చిన్న సంచిలాంటిది ఉంది. చేతిలో దానికి అడుగే లేదు, నేలలో ఉండిపోయింది. ఆయన కింద కూర్చుని చాకుతో మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. కాడ కిందికి పోయిన కొద్దీ ఎలకతోకలా సన్నబడింది. జానెడు తవ్వాడు, మూరెడు తవ్వాడు. చివరికి అది చెదపురుగులు కట్టుకున్న, తేనెపట్టులాంటి బూడిదరంగు ముద్దలోంచి పుట్టుకొచ్చిందని తేలింది. సంచీ లేదు, ఏమీ లేదు.

"ఇది పుస్తకంలోది కాదేమోనండి" అన్నాడు.

"అది వేరు ముక్కయ్యా, చెత్త. పైభాగం గియ్యి" అన్నారు గణపతిరావు గారు, కర్చీఫ్‌తో బూట్లు తుడుచుకుంటూ.

మాస్టారు పైభాగం గీసి ఇచ్చాడు. ఇంటికొచ్చాక కింది మూరెడు వేరుతో సహా ఇంకొకటి తనకోసం గీసుకున్నాడు.

రంగు బొమ్మలకి నకళ్ళు తీయడానికని లెక్చరరు గారు పుస్తకాన్ని వారం మధ్యలో మాస్టారి దగ్గరే ఉంచేవారు. ఆ పుస్తకం ముందు పదకొండు పేజీలు అక్షరాలే, బొమ్మల్లేవు. వాటి అంచులు ప్రెస్సులో అంటుకుని ఉన్నవి అంటుకునే ఉన్నాయి. పరిశోధకుడు వాటిని విప్పనే లేదన్నమాట! మాస్టారు చాకుతో ఆ అంచులు కోశాడు. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రమే. నా దగ్గర నిఘంటువు తీసుకెళ్ళి, మాట మాటకీ అర్థం వెతుక్కుంటూ మూడు వారాలు చదివాడు.

అందులో పుస్తకం రాసినవాడు పామరుడికైనా తెలిసేలా చెప్పాడట. లాగొద్దు, తవ్వి తియ్యి. ఏ చెట్టు కింద, ఏ నేలలో మొలిచిందో రాసుకో. వాసన చూడు. కోస్తే రంగు మారుతుందేమో చూడు. గొడుగు కోసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి, ఒక పూట కదపకుండా ఉంచు. కింది రేకుల్లోంచి సన్నటి పొడి రాలి కాగితం మీద అచ్చు పడుతుంది. ఆ పొడి రంగు తెలియకుండా ఏ పేరూ పెట్టకు. ఒట్టి బొమ్మ చూసి ఏదీ తినకు. చివర ఇంకో మాట కూడా ఉందట. ఇది మా దేశంలో వాటికోసం రాసింది, వేరే దేశంలో దీన్ని నమ్ముకోవద్దు అని.

"మూడు రూపాయల కూలోడు కూడా పని మొదలెట్టే ముందు ఏటి సెయ్యాలో అడుగుతాడు. ఈ ఎమ్మెస్సీ అడగలేదు" అన్నాడు మాస్టారు నాతో. ఇక ఆ రోజు నుంచి గణపతిరావు గారి మీద ఆయనకున్న చులకనకి హద్దు లేకుండా పోయింది.

ఆయన పని మాత్రం పనిలాగే చేశాడు. ఇంట్లో గిన్నెలన్నీ కాగితాల మీద బోర్లాపడ్డాయి. ఆయన భార్య జగ్గమ్మ మేనరికపు పిల్ల, మొగుణ్ణి బావా అనే పిలుస్తుంది. ఒకరోజు నేను వెళ్ళేసరికి నడవలో నిలబడి అరుస్తోంది.

"గిన్నెలన్నీ ఈటి మీద బోర్లించీసినావు బావా. అన్నం నీ నెత్తి మీద వండమంటావేటి?"

"ఒక్క పూట ఆగే. ముట్టుకోకు. కదిపితే అచ్చు పాడవుతాది."

మొదటి అచ్చు చెదపుట్ట గొడుగుది. గిన్నె తీసి, గొడుగు ఎత్తేసరికి కాగితం మీద లేత గులాబీ రంగులో, నడిమి నుంచి అంచుకి వెంట్రుకల్లాంటి గీతలు, ఒకదాన్నొకటి తాకకుండా, గుండ్రంగా పడి ఉన్నాయి. మాస్టారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని స్కూలుకి తెచ్చాడు. గాలి తగలకుండా అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడు.

"సూడండి. ఎవలూ గీయనేదు. అదే గీసుకున్నాది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన పెదవి పక్కకి పోలేదు. నాకు తెలిసి ఆయన మెచ్చుకున్నది దాన్నొక్కదాన్నే.

పేడమీద మొలిచినవి నల్లటి అచ్చు వేశాయి. కుళ్ళిన కర్రమీదవి తెల్లగా వేశాయి, నల్ల కాగితం మీద తప్ప కనిపించలేదు. ప్రతి అచ్చు కిందా తేదీ, చోటు రాశాడు. ఒక శనివారం లెక్చరరు గారిని అడిగాడు కూడా.

"ఈ పుస్తకంలో సగానికి సగం ఓక్ చెట్టు కింద మొలుస్తాయని ఉన్నాదండి. మన కొండల్లో ఆ చెట్టు ఎక్కడున్నాదండి?"

"ఓక్ అంటే ఏదో ఒక చెట్టయ్యా. అంత పట్టింపేమిటి?" అన్నారు బోటనీ లెక్చరరు గారు.

సెప్టెంబరు నెలలో ఒక శనివారం ముసురు పట్టింది. కొండదాకా పోయి, తడిసి, ఏమీ దొరక్క ఇద్దరూ మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. ఆ దొరకనివి మామగారి మిల్లు ఆవరణలోనే ఉన్నాయి. వెనక ఊక పోసే చోట, ఎడ్లబళ్ళు ఆగే పచ్చిక మీద, విస్తరాకుల్లాంటి తెల్లటి గొడుగులు వరసగా వలయం కట్టి నిలబడ్డాయి. పైన గోధుమరంగు పెచ్చులు, కాడకి ఉంగరం. ఆ ఉంగరం పైకీ కిందికీ జరుగుతోంది. గణపతిరావు గారు పుస్తకం తీశారు. అచ్చం అలాంటి బొమ్మే ఉంది. కింద 'తినడానికి శ్రేష్ఠం' అని కూడా ఉంది. ఆయన ఆనందానికి అంతులేదు.

"ఇక్కడే కూర్చుని గీసెయ్ మాస్టారూ. రేపు ఆదివారం మావయ్యగారికి విందు."

మాస్టారు ఊక గోనె మీద కూర్చుని గీశాడు. పెచ్చులు గీశాడు, ఉంగరం గీశాడు, కాడ గీశాడు. లెక్చరరు గారు భుజం మీంచి తొంగిచూశారు.

"కాడ మీద చారలేవీ? పుస్తకంలో చూడు, పాము చర్మంలా చారలున్నాయి."

"దీనికి లేవండి. నున్నగా ఉన్నాది. సూడండి."

"వానకి చెరిగి ఉంటాయి. చారలు పెట్టు."

ఇక్కడ మాస్టారు పెన్సిలు కింద పెట్టేసి లేచిపోయి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. ఆయన లేవలేదు. ఇలాంటివాడితో వాదన కూడానా అనుకున్నాడట. వీడికి చారలు కావాలి, పారేద్దాం చారలు అని, పాముకి కూడా అంత అందంగా ఉండని చారలు కాడ నిండా గీసి ఇచ్చాడు. గీస్తూ లోపల నవ్వుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఒక గొడుగు జేబురుమాలులో చుట్టి ఇంటికి తెచ్చి, కాగితం మీద బోర్లించాడు.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. చేతిలో అట్టపెట్టె.

"పుస్తకంలోదానికి తెల్లటి పొడి రాలాలని రాసి ఉన్నాది. ఇది సూడండి."

తెల్లకాగితం మీద అచ్చు ఆకుపచ్చగా ఉంది. ఎండిన నాచు రంగు. అంత స్పష్టంగా ఉన్నదాన్ని గుడ్డివాడు తప్ప ఎవరూ కాదనలేరు. నేను గుడ్డివాణ్ణి కాను, గుమాస్తాని.

"ప్రెసిడెంటు గారి అల్లుడితో మనకెందుకు మాస్టారూ? ఒక మాట చెప్పి చూడండి. వినకపోతే ఒదిలెయ్యండి" అన్నాను.

సరిగ్గా అలాగే చేశాడు.

ప్రెసిడెంటు గారి ఇంటి వసారాలో మామా అల్లుడూ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. మాస్టారు అచ్చు చూపించి, పొడి రంగు కుదరలేదని, ముందు పేజీల్లో తినొద్దని రాసి ఉందని చెప్పాడు. గణపతిరావు గారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

"నీ కాగితానికి చెమ్మ చేరి నాచు పట్టిందయ్యా. నా పుస్తకం నాకే పాఠం చెప్తున్నావా? బొమ్మలేసేవాడివి బొమ్మలెయ్యి."

నరసింగరావు గారు మిల్లు నడిపిన మనిషి. కొంచెం అనుమానం వచ్చింది. "ఏటంటన్నాడు అల్లుడుగారూ?" అని అడిగారు. అల్లుడు వెంటనే నిన్నటి బొమ్మ తీసి పుస్తకం పక్కన పెట్టారు.

"మీరే చూడండి మావయ్యగారూ. మాస్టారే ఎదురుగా పెట్టుకుని గీశాడు. ఆ చారలు చూడండి. రెండూ ఒకటి కాదూ?"

నరసింగరావు గారు రెండు బొమ్మలూ చూసి, తలెత్తి మాస్టారి వైపు చూశారు. "నువ్వు సూసే గీసినావు కదా?"

చారలు నావి కావు, మీ అల్లుడు పెట్టమంటే పెట్టాను అనడానికి ఎంతసేపు పడుతుంది? మాస్టారు గణపతిరావు గారి ముఖం వైపు చూశాడు. ఆ ముఖంలో ఉన్న ధీమా చూసి ఆయనకి ఒళ్ళు మండింది. తిననీ, నాకేం పోయింది అనుకున్నాడు.

"సూసే గీసినానండి" అన్నాడు.

భోజనానికి కూర్చోమన్నారు. ఆదివారం, అరసవల్లి దేవుడికి ఒక్కపొద్దు అని చెప్పి వసారాలోనే ఉండిపోయాడు. జగ్గమ్మ వారం వారం ఉంటుంది గాని ఆయన జన్మలో ఒక్కపొద్దు ఉన్నవాడు కాదు. వెళ్ళిపోనూ లేదు. లోపల కూర ఘుమఘుమలాడుతోంది. ఉల్లిపాయలు వేసి, ఆవ పెట్టి వండారు. గణపతిరావు గారు రెండుసార్లు వడ్డించుకున్నారు. "మన కొండల్లో ఇంత రుచి ఉందని ఎవరికి తెలుసు" అనడం వసారాలోకి వినిపించింది. మాస్టారు స్తంభానికి ఆనుకుని, తొందరలేని మనిషిలా కూర్చున్నాడు.

గంటన్నర దాటేసరికి లెక్చరరు గారు లేచి పెరట్లోకి పరుగెత్తారు. ఆ వెనకే నరసింగరావు గారు. కాసేపటికి ఇల్లంతా వాంతుల చప్పుడు. బూట్లు లేకుండా, పంచె ఊడిపోతూ, గోడ పట్టుకుని వంగిన పరిశోధకుణ్ణి మాస్టారు వసారాలోంచి తీరిగ్గా చూశాడు. ఆ పూట తనకి నవ్వొచ్చిందని తరవాత నాతో చెప్పాడు. అబద్ధం చెప్పలేదు కనక ఆ ఒక్క విషయంలో ఆయన్ని ఏమీ అనను.

డాక్టరు కోసం మనుషులు పరుగెత్తారు. అల్లుడికి మంచం వేశారు, విసనకర్రలు తెచ్చారు. ఆ హడావుడిలో ఎవరికో చెంబెడు నీళ్ళు కావలసి వచ్చింది. "తవిటమ్మా" అని పిలిస్తే పలకలేదు.

తవిటమ్మ ఆ ఇంటి వంటమనిషి. యాభై దాటిన వితంతువు, గాలేస్తే పడిపోయేలా ఉంటుంది. ఆ కూర వండింది ఆమే. ఎప్పుడో తీసి దాచుకున్న వెండి మట్టె కూరలో వేసి చూసింది. నల్లబడలేదు కనక మంచివే అని నమ్మింది. వెండికి ఏ పుట్టగొడుగైనా ఒకటేనని ఆమెకి ఎవరు చెప్పారు గనక? మామా అల్లుడూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది అన్నంలో కలుపుకుంది. మాస్టారు పెరటి వైపు వెళ్ళేసరికి నూతి గట్టు పక్కన పడి ఉంది. వాంతులు ఆగి, కళ్ళు తేలేసి, చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

ఆయనకి అప్పటిదాకా ఆ ఇంట్లో కనిపించింది ఒక్క గణపతిరావు గారే.

మిల్లు దగ్గర ఆగి ఉన్న ఎడ్లబండిలో గడ్డి పరిచి, ఆమెని ఎత్తుకొచ్చి పడుకోబెట్టి, ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఎక్కడా ఎవరినీ అడగలేదు. ఇద్దరు పెద్దమనుషులూ సోమవారం మజ్జిగన్నం తిన్నారు. తవిటమ్మకి రెండు రోజులు సెలైను ఎక్కించవలసి వచ్చింది. ఆ రెండు రోజులూ మాస్టారు స్కూలుకి రాలేదు. మంగళవారం నేను వెళ్ళేసరికి మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాడు, గడ్డం మాసి. అప్పుడే ఆమెకి మాట వచ్చింది. మాస్టారు ఉన్నదంతా చెప్పేశాడు. పొడి రంగు, చారలు, వసారాలో అడిగిన మాట, అన్నీ.

తవిటమ్మ తల ఇటు తిప్పింది.

"అయితే నీకు తెలుసన్నమాట."

"బాబుగోరికి సెప్పినాను తవిటమ్మా. ఇననేదు."

"ఆరికి సెప్పినావు. నాకు సెప్పినావేటి? పొయ్యి దగ్గర ఉన్నది నాను కాదా? వసారాలోంచి వంటింటికి ఎన్ని అడుగులేటి మేస్టారూ?"

ఆమె మోచేతి మీద లేవబోయి మళ్ళీ వాలిపోయింది.

"ఒక్క మాట నా సెవినేస్తే, గిన్నె ఒలకబోసి, సెయ్యి జారిందని రెండు తిట్లు తినీదాన్ని. ఆల్లిద్దరూ పడుతుంటే సూడాలని కూకున్నావు. ఎల్లు. నీ మొకం సూడను" అని గోడవైపు తిరిగింది.

ఆ తిరగడం ఆమె మళ్ళీ ఇటు తిరగలేదు. ఆస్పత్రి నుంచి తన ఇంటికొచ్చాక జగ్గమ్మ గంజీ జావా తీసుకెళితే తాగేది. మాస్టారు గుమ్మంలోకి వస్తే లోపలికి రమ్మనేది కాదు, పొమ్మని కూడా అనేది కాదు, అక్కడెవరూ లేనట్టే ఉండేది.

ఇక పెద్దమనుషుల సంగతి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో వండడం వల్ల కిలుం పట్టిందని గణపతిరావు గారు తేల్చారు. పరిశోధన కదా. మామగారు ఆ మాట పట్టుకుని తవిటమ్మని పనిలోంచి తీసేశారు. అది తెలిసిన రోజు మాస్టారు నేరుగా మిల్లుకి వెళ్ళాడు. కళ్ళంలో నలుగురు రైతులు నిలబడి ఉండగా చెప్పాడు.

"గిన్నెలో తప్పు నేదండి. అవి తినకూడనివి. ఆ బొమ్మలో సారలు నేను అబద్ధంగా పెట్టినవి. మీరు అడిగినప్పుడు సెప్పనేదు. తప్పు నాదీ, మీ అల్లుడుగారిదీ. తవిటమ్మది కాదు."

నరసింగరావు గారు ఒక్క క్షణం చూసి, "అయిపోయింది కదా మాస్టారూ, ఇంకెందుకు" అని కాటా వైపు తిరిగిపోయారు. తవిటమ్మని మళ్ళీ పిలవలేదు. ఆమె సంతలో ఆకుకూరలు అమ్ముకుంది.

మరుసటి ఏడాది గణపతిరావు గారి వ్యాసం వాళ్ళ కాలేజీ పత్రికలో వచ్చింది. చారల బొమ్మ పేజీ నిండా వేశారు, కింద 'తినదగినది' అని, మూలన 'చిత్రం: కూర్మయ్య' అని. దాన్ని సరిదిద్దమని మాస్టారు మూడు ఉత్తరాలు రాశాడు. మూడోదాని ఇంగ్లీషు నేను దిద్దాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఈలోగా లెక్చరరు గారికి ప్రమోషను వచ్చి, ఆయన దృష్టి సీతాకోకచిలుకల మీదికి మళ్ళిందని విన్నాం. వాటితో కనీసం తిండి ప్రమాదం లేదు.

అరవై ఎనిమిది తొలకరికి మాస్టారు మళ్ళీ మొదలుపెట్టాడు. పుస్తకం లేదు, దాని సొంతదారు తీసుకుపోయాడు. ముందు పదకొండు పేజీలు మాత్రం ఆయన ఎత్తి రాసుకుని ఉంచుకున్నాడు. ఒక్కడే వెళ్ళేవాడు, తవ్వేవాడు, వాసన చూసేవాడు, బోర్లించేవాడు. ఉన్నదున్నట్టు గీసేవాడు. నోటుబుక్కులో పేరు రాయవలసిన చోట 'తెలియదు' అని రాసేవాడు. రెండేళ్ళలో అరవై పైచిలుకు బొమ్మలయ్యాయి. పేర్లు పడ్డవి నాలుగు. అరవై తొమ్మిదిలో నక్సలైట్ల కోసం కొండలకి పోలీసు క్యాంపులు వచ్చి, చేతిలో చాకూ సంచీ ఉన్నవాణ్ణి ఏరు దాటనివ్వకపోయేసరికి, పొలంగట్లూ పెంటకుప్పలే ఆయనకి అడవి అయ్యాయి.

వాన పడ్డ మర్నాడు ఆయన చేసే పని ఇంకొకటుంది. వీధి వీధీ తిరిగేవాడు. వసారాల్లో కూర్చున్న మగవాళ్ళ దగ్గర ఆగేవాడు కాదు. పెరటిదారిన వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, పొయ్యి దగ్గరున్న ఆడమనిషికి చెప్పేవాడు. ఊకమీద, పశువులు కట్టే చోట మొలిచే పెద్ద తెల్లగొడుగులు తినొద్దు, వెండి వేసి చూస్తే తెలీదు అని. పెరట్లోకి వచ్చే మగవాణ్ణి ఏ ఊళ్ళో మర్యాద చేస్తారు? పిచ్చి మాస్టారు అన్నారు. ఇద్దరు ముగ్గురు మొగుళ్ళు కొట్టడానికి కూడా వచ్చారు. నేను దూరం నుంచి చూసి ఊరుకున్నాను, ఎప్పటిలాగే.

డెబ్భయ్యో సంవత్సరం ఆగస్టులో ఒకరోజు ఆయనా నేనూ సంత దాటుకుని వస్తున్నాం. చినుకులు పడుతున్నాయి. గున్నమ్మ అనే పొరుగూరి మనిషి తట్టలో పుట్టకొక్కులు పెట్టుకుని కూర్చుంది. పొట్టిగా, పసుపుపచ్చగా ఉన్నాయి, మేం చూడని రకం.

"ఇదిగో మేస్టారు, నీకు పుట్టకొక్కుల సదువు ఉన్నాదంట కదా. ఇవి తినొచ్చునా? ఎవలూ కొనకుండా ఉన్నారు."

మాస్టారు ఒకటి తీసి తిప్పి చూశాడు. గోటితో గీశాడు. వాసన చూశాడు.

"తెలీదు" అన్నాడు.

"మూడేళ్ళ నుంచి బురదల్లో పొర్లి తిరగతన్నావు. తినొచ్చో సావాలో ఇంతమాత్రం తెలీదా?"

"తెలీదే. అచ్చు సూడాల. సూసినా తినొచ్చని సెప్పలేను."

గున్నమ్మ పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగి పెద్దగా నవ్వింది. "సూసినారా, ఇదీ ఈయన సదువు. మా అత్తకి సదువు నేదు గానీ నూరు రకాలు సెప్తాది." ఆడవాళ్ళంతా నవ్వారు. నాకు సిగ్గేసి రెండడుగులు ముందుకి నడిచాను.

మాస్టారికి సిగ్గేసినట్టు లేదు. "మీ అత్త ఏ ఊర్లో ఉంటాది? ఎక్కడ ఏరినాదో సూపిస్తాదేటి?" అని అడుగుతూ, అక్కడే బురదలో, తట్ట పక్కన గొంతుక్కూర్చున్నాడు.